ట్రే ఆగితే ప్రెస్సు కూడా ఆగాలి

రేకును కోసి పీసులు తీసే పవర్ ప్రెస్సు షాపులో, డై (రేకు కింద ఉండే అచ్చు) కింద రాలిన ముక్కలను బయటికి పంపే స్క్రాప్ ట్రే ఆగిందంటే ఆ వెంటనే ప్రెస్సు కూడా ఆగాలి. ఎవరో చూసి ఆపడం కాదు, దానంతటదే ఆగేలా వైరింగ్ ఉండాలి. గాలితో కదిలే ఈ ట్రే కన్వేయర్లు బిగించడం, వాటికి ఎయిర్ లైన్లు వేయడం, పాడైతే బాగు చేయడం నా పని. జడ్చర్ల, షాద్‌నగర్, మన పాలమూరు బాలానగర్ షెడ్లకూ, ఇటు చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపూర్ పారిశ్రామిక పార్కుకూ పని మీద తిరుగుతుంటాను. ఎక్కడికి వెళ్లినా ఓనర్లతో నాకు వాదన వచ్చేది ఈ ఒక్క విషయం దగ్గరే. ట్రే అమ్ముడుపోతే నాకు పని దొరుకుతుంది. అయినా చెప్తున్నాను, ఇంటర్‌లాక్, అంటే ట్రే ఆగితే ప్రెస్సును ఆపే ఈ ఏర్పాటు, పెట్టించే ఉద్దేశం లేకపోతే ట్రే కొనకండి. ట్రే లేనప్పటి కంటే ఎక్కువ ప్రమాదాన్ని డబ్బిచ్చి తెచ్చుకున్నట్టు అవుతుంది.

ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ట్రే లేని షెడ్డు సంగతి ముందు చెప్పాలి. 100 టన్నుల ప్రెస్సు ఒకటి అనుకోండి. పైనుంచి పంచ్ (రేకును కోసే పనిముట్టు) దిగిన ప్రతిసారీ రేకులోంచి ఒక పీసు, దాంతోపాటు నాలుగైదు బిళ్లలు, అంచు ముక్కలు రాలతాయి. అవి డై కింద, దాన్ని ఎత్తి పట్టే పారలల్ బ్లాకుల మధ్య సందులో పడతాయి. ఆ సందు చాలాచోట్ల జానెడు ఎత్తు కూడా ఉండదు. అది నిండితే బిళ్లలు పైదాకా పేరుకుని డై రంధ్రాల్లో ఇరుక్కుంటాయి, పంచ్ విరుగుతుంది, ఒక్కోసారి డై కూడా పగులుతుంది. అందుకని ఒక హెల్పర్ పక్కనే కూర్చుని వంచిన ఇనుప చువ్వతో స్క్రాప్ లాగుతుంటాడు. చువ్వకు అందనిది చేత్తో తీస్తాడు. కోసిన రేకు అంచు బ్లేడుకు తక్కువేం కాదు, గ్లవ్స్ కొన్ని రోజులకే చీలికలవుతాయి. అతని చేతికీ, పంచ్‌ను మోస్తూ పైనుంచి దిగే ర్యామ్‌కీ మధ్య అడ్డం ఉన్నది పెడల్ మీద ఆపరేటర్ కాలు ఒక్కటే.

హర్యానా వైపు ఆటో విడిభాగాల ఫ్యాక్టరీల్లో గాయపడ్డ కార్మికులతో పనిచేసే సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుంచి నివేదికలు ఇస్తోంది. వేళ్లు నలిగే, తెగే ప్రమాదాల్లో అన్ని మిషన్ల కంటే ముందు పవర్ ప్రెస్సే కనిపిస్తుంది వాటిలో. ప్రెస్సు మానేసర్‌లో ఉన్నా జడ్చర్లలో ఉన్నా ఒకటే. మన దగ్గర వేరేగా ఉంటుందనుకోవడానికి నాకు ఒక్క కారణమూ కనపడలేదు.

ఇప్పుడు ట్రే వచ్చింది. స్క్రాప్ తనంతట తాను బయటి డబ్బాలోకి వెళ్లిపోతోంది. అందరికీ సంతోషం. హెల్పర్‌ని ఇంకో మిషన్ మీదికి మార్చేస్తారు. స్క్రాప్ కోసం ఆగే పని లేదు కాబట్టి షిఫ్టు టార్గెట్ పెంచుతారు. ట్రే బయటికి రావడానికి గార్డు (చెయ్యి లోపలికి పోకుండా డై చుట్టూ ఉండే కంచె) కింది భాగంలో ఒక కిటికీ కోస్తారు. ట్రే నడుస్తున్నంత సేపు ఈ మూడింటితో ఏ ఇబ్బందీ లేదు. ఆగిన రోజున చూడండి. చువ్వ పట్టే మనిషి లేడు, టార్గెట్ తగ్గలేదు, చెయ్యి దూరేంత కిటికీ ఎదురుగా ఉంది. ఇక ఆపరేటరే వంగి, ఒక చేత్తో స్క్రాప్ లాగుతూ, కాలితో పెడల్ తొక్కుతాడు. ఇంతకు ముందు ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ చేసిన పని ఇప్పుడు ఒక్కడే చేస్తున్నాడు, టెన్షన్‌తో చేస్తున్నాడు.

బాలానగర్ దగ్గర ఒక షెడ్డులో, వానాకాలంలో, వేరే పని మీద వెళ్లినప్పుడు ఇదే చూశాను. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి ఆ అబ్బాయికి, నారాయణపేట వైపు నుంచి వచ్చినవాడు. మోచేతి దాకా చెయ్యి గార్డు లోపల ఉంది.

"ట్రే ఎప్పటిసంది ఆగింది తమ్మీ?" అన్నాను.

"పొద్దుగాల్నుంచే నడుస్తలేదన్నా. గాలి తక్కువొస్తున్నది. సార్‌కు చెప్పిన, సాయంత్రం చూద్దామన్నడు."

నేను చేసింది ఏమీ లేదు. ట్రేకి వెళ్లే గాలి లైను ఫిల్టర్ గిన్నె నిండా నీళ్లున్నాయి, డ్రెయిన్ తిప్పాను, నీళ్లు పోయాయి, ట్రే కదిలింది. నిమిషం పని. ఆ నిమిషం ఎవరి బాధ్యతా కాకపోవడం వల్ల ఒక పూటంతా ఆ పిల్లవాడి చెయ్యి అక్కడ ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఈ ట్రేలలో నిజానికి చెడిపోయే వస్తువులు తక్కువ. లోపల ఒక పిస్టన్ ఉంటుంది. అది ట్రేని ముందుకు నెమ్మదిగా తోస్తుంది, వెనక్కి ఒక్క ఉదుటున లాగుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ముక్కలు రాపిడి వల్ల ట్రేతోపాటు ముందుకు పోతాయి. ఉదుటున వెనక్కి వచ్చేటప్పుడు ట్రే వాటి కింద నుంచి జారిపోతుంది, ముక్కలు ఉన్నచోటే ఉంటాయి. చాటలో బియ్యం కుదుపుతో ఒక అంచుకు చేరినట్టు, ముక్కలు కూడా అంగుళం అంగుళంగా డబ్బా వైపు నడుస్తాయి. బెల్టు లేదు, రోలర్ల మధ్య వేలు ఇరుక్కునే చోటు లేదు, రేకు అంచు కోసేయడానికి రబ్బరు లేదు. స్ప్రింగుల మీద ట్రే పెట్టి, కింద గాలితో తిరిగే బాల్ వైబ్రేటరో టర్బైన్ వైబ్రేటరో తగిలించే రకం కూడా ఉంది. సందు తక్కువగా ఉన్న డై కిందకి మాత్రం నేను పిస్టన్ రకమే సూచిస్తాను. యూనిట్ బయట ఉంటుంది, లోపలికి పల్చటి ట్రే ఒక్కటే వెళ్తుంది.

కరెంటు మోటారుతో పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో జల్లెడలన్నీ మోటారుతోనే ఊగుతాయి, అక్కడ గాలి పెట్టమని ఎవరైనా చెప్తే నేనే వద్దంటాను. కంప్రెసర్‌కు ఇచ్చిన కరెంటులో 10 నుంచి 15 శాతమే చివరికి పనిగా మారుతుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. రోజంతా ఆగకుండా, పొడి గింజల మీద, చోటు బాగా ఉన్న దగ్గర నడిచే పనికి గాలి శుద్ధ దండగ. డై కింద పరిస్థితి వేరు. ఆయిల్ కారుతుంటుంది, చోటు ఉండదు, డై మారినప్పుడల్లా ట్రే తీసి పెట్టాలి, ముక్క అడ్డం పడి ట్రే బిగుసుకుంటే మోటారు కాలిపోతుంది. గాలి పిస్టన్ బిగుసుకుంటే ఊరికే నిలబడుతుంది, అడ్డు తీయగానే మళ్లీ నడుస్తుంది. అదే దాని గుణం. అయితే మౌనంగా నిలబడిపోవడమే దానితో వచ్చే ప్రమాదం కూడా. కాలిన వాసన రాదు, ట్రిప్ అవదు, ఎవరికీ తెలియదు.

బిగించే దగ్గర జరిగే పొరపాట్లు చాలావరకు మొదటి వారంలోనే బయటపడతాయి. యూనిట్ కదలని దాని మీద ఉండాలి, ప్రెస్ బెడ్‌కో, దాని మీది మందపాటి పలక బోల్‌స్టర్‌కో బోల్టులతో గట్టిగా పట్టించాలి. స్టూలు మీద పెట్టి నేల మీద వదిలేస్తే యూనిట్ ఊగుతుంది, ట్రే ఊగదు. ట్రే తేలికగా ఉండాలి కానీ మెత్తగా ఉండకూడదు, పక్కలు పైకి మడిస్తే ఆ గట్టిదనం వస్తుంది. పొడుగు ట్రే అయితే రెండో చివర రోలర్ సపోర్టు కావాలి, అది కదలిక దిశకు సరిగ్గా వరసలో ఉండాలి. వాలు డబ్బా వైపు కొద్దిగా ఉంటే మంచిది, ఎదురు వాలు మాత్రం వద్దు. ఆయిల్ ఎక్కువగా ఉన్న పల్చటి ముక్కలు నున్నటి రేకుకు అతుక్కుని కదలవు, అక్కడ బొడిపెలు ఉన్న రేకు వాడాలి. బొడిపెల రేకుకు ఖర్చు ఎక్కువని నున్న రేకు వేయించి, తర్వాత కదలడం లేదని ప్రెషర్ పెంచుతారు. ప్రెషర్ 1 బార్ (గాలి ఒత్తిడి కొలత) పెంచితే కంప్రెసర్ కరెంటు 6, 7 శాతం పెరుగుతుంది, ముక్కలు మాత్రం అతుక్కునే ఉంటాయి.

హోస్ సంగతి. సన్న ట్యూబు వేసి, గేజీలో 6 బార్ కనిపిస్తోందిగా అంటారు. ట్రే ఆగి ఉన్నప్పుడు గేజీలో ఎంతయినా కనిపిస్తుంది. నడుస్తున్నప్పుడు, యూనిట్ దగ్గర ఎంత ఉందో చూడాలి. ఆ ఒక్క గేజీ యూనిట్ పక్కనే పెట్టిస్తే సగం ఫోన్ కాల్స్ నాకు రావు.

ఇక నీళ్లు. ట్రేలు ఆగడానికి నేను చూసిన కారణాల్లో అన్నింటికంటే పెద్దది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 25 హెచ్‌పీ కంప్రెసర్ సుమారు 100 సీఎఫ్‌ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగులు) గాలి పీలుస్తుంది, అంటే గంటకు 170 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల దగ్గర తడితో పూర్తిగా నిండిన ఒక ఘనపు మీటరు గాలిలో 30 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. మన వానాకాలంలో గాలి పూర్తిగా నిండకపోయినా 24 గ్రాములు అనుకుందాం. గంటకు 4 లీటర్ల నీళ్లు కంప్రెసర్‌లోకి వెళ్తున్నట్టు. ఆ గాలిని 7 బార్‌కు నొక్కితే ఎనిమిదో వంతు చోటులోకి వస్తుంది, 40 డిగ్రీలకు చల్లారాక అంత చోటులో ఒక లీటరు పైచిలుకు మాత్రమే ఆవిరిగా నిలుస్తుంది. మిగిలిన 3 లీటర్లు గంటగంటకూ ట్యాంకులో, పైపుల్లో నీళ్లుగా దిగాల్సిందే. రోజుకు ఒకసారి ట్యాంకు డ్రెయిన్ తిప్పే షెడ్డులో ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? చివరన ఉన్న ట్రే యూనిట్‌లోకి. గ్రీజు కడిగేస్తాయి, లోపల తుప్పు పట్టిస్తాయి, సీళ్లు తింటాయి.

అందుకే హెడర్ పైపు, అంటే షెడ్డు పొడవునా వెళ్లే ప్రధాన గాలి పైపు, కొంచెం వాలుగా, 100కు 1 చొప్పున వేసి, చివర నీళ్లు దిగే కాలు (కిందికి దిగే పైపు ముక్క) పెట్టాలి. ట్రేకి వెళ్లే కనెక్షన్ హెడర్ కింది నుంచి కాకుండా పైనుంచి వంపు తిప్పి తీయాలి. కింది నుంచి తీస్తే నీళ్లకు దారి మనమే చూపించినట్టు. ఆటో డ్రెయిన్ పెట్టించినా దాన్ని చేత్తో నొక్కి చూడాలి, మడ్డి పట్టి మూసుకుపోవడం వాటికి అలవాటు.

వేసవిలో నల్లగొండ వైపు ఇంకో బాధ. ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో కంప్రెసర్‌ని రేకుల షెడ్డులో మూలన పెట్టి, అది వదిలిన వేడి గాలినే మళ్లీ అది పీల్చేలా చేస్తారు. పీల్చే గాలి 4 డిగ్రీలు వేడెక్కితే కరెంటు సుమారు 1 శాతం ఎక్కువ తింటుంది. కంప్రెసర్ నుంచి వచ్చిన గాలిని నీటితో చల్లార్చే ఆఫ్టర్‌కూలర్ అయితే మన బోరు నీళ్లకు ట్యూబుల్లో సున్నం పేరుకుంటుంది. అప్పుడు గాలి వేడిగానే లైన్లోకి వెళ్లి, దూరంగా పైపులో చల్లారి, అక్కడ నీళ్లవుతుంది. పత్తి సీజన్‌లో ఇన్‌టేక్ ఫిల్టర్‌కు దూది పింజలు పట్టే షెడ్లు కూడా ఉన్నాయి.

నూనె విషయంలో యూనిట్‌తో వచ్చిన కాగితం ఏం చెప్తే అది చేయాలి. కొన్ని యూనిట్లు లోపల గ్రీజుతోనే వస్తాయి, నూనె అక్కర్లేదు. వాటికి లూబ్రికేటర్‌తో నూనె పోయడం మొదలుపెడితే ఆ గ్రీజు కొట్టుకుపోతుంది, ఇక ఎప్పటికీ పోస్తూనే ఉండాలి. ఇంకొకటి తప్పకుండా గుర్తుంచుకోండి. ఫిల్టర్ ప్లాస్టిక్ గిన్నెను థిన్నర్‌తోనో పెట్రోలుతోనో కడగొద్దు. పాలికార్బొనేట్ అది, ఆ ద్రావకాలకు కంటికి కనపడని పగుళ్లు వస్తాయి, ఆ తర్వాత ప్రెషర్ మీద పేలుతుంది. సబ్బు నీళ్లు చాలు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ట్రే ఏదో ఒకరోజు ఆగుతుంది. అందుకే ఇంటర్‌లాక్. చాలామంది ప్రెషర్ స్విచ్ పెట్టి సరిపోయిందంటారు. ప్రెషర్ స్విచ్‌కు తెలిసేది గాలి ఉందని మాత్రమే, ట్రే కదులుతోందని కాదు. గాలి బయటికి వదిలే చోట ఉండే సైలెన్సర్ మడ్డితో మూసుకుపోయినా, ముక్క అడ్డం పడినా ప్రెషర్ నిండుగానే ఉంటుంది, ట్రే మాత్రం నిలబడి ఉంటుంది. ట్రే చివర ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ (ఇనుము దగ్గరికొస్తే తాకకుండానే పసిగట్టేది) పెట్టి, ట్రే ఊగినప్పుడల్లా అది ఆన్-ఆఫ్ అయ్యేలా చూడాలి. రెండు మూడు సెకన్లు ఆ సిగ్నల్ మారకపోతే రిలే పడిపోయి ప్రెస్సుకు తర్వాతి స్ట్రోక్ అందకూడదు. సెన్సర్ ఊరికే ఆన్‌లో ఉంటే చాలన్నట్టు వైరింగ్ చేస్తే, ఎవరో ఒక రేకు ముక్క దాని ముందు కట్టేస్తారు, కథ మొదటికొస్తుంది. ఆన్-ఆఫ్ మారుతోందా లేదా అన్నదే చూడాలి.

ప్రెస్సు రకాన్ని బట్టి ఇక్కడ పని మారుతుంది. తిరిగే ఫ్లైవీల్‌ను ర్యామ్‌కు కలిపేది క్లచ్. గాలితో పనిచేసే న్యూమాటిక్ క్లచ్ ఉన్న ప్రెస్సు అయితే కంట్రోల్‌లో ఒక కాంటాక్ట్ కలిపితే పైన ఆగిపోతుంది. మన చిన్న షెడ్లలో ఎక్కువగా కనిపించేవి పాత పిన్ క్లచ్ ప్రెస్సులు. వాటిని స్ట్రోక్ మధ్యలో ఆపలేం, ఒకసారి క్లచ్ పట్టిందంటే చుట్టు పూర్తి చేసే ఆగుతుంది. వాటి మీద లైట్ కర్టెన్ (చెయ్యి అడ్డం వస్తే ప్రెస్సును ఆపే కాంతి తెర) పెట్టినా లాభం లేదు. మోటారు కట్ చేస్తే చాలనుకుంటారు, అది ఇంకా ప్రమాదం. ఫ్లైవీల్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, పెడల్ తొక్కితే ర్యామ్ దిగుతుంది. అక్కడ పెడల్ రాడ్డు తీసేసి, క్లచ్‌ను చిన్న ఎయిర్ సిలిండర్‌తో లాగించి, దాని సాలినాయిడ్‌కు (కరెంటుతో తెరుచుకునే గాలి వాల్వ్‌కు) ట్రే సిగ్నల్ కలపాలి. ఖర్చు ఉంటుంది. డై గార్డు ఉండాల్సిన చోట గార్డు వేరేగా ఉండాల్సిందే, ఈ ఇంటర్‌లాక్ దానికి బదులు కాదు.

ఓనర్లు చెప్పే అభ్యంతరం ఒకటే, ప్రొడక్షన్ పోతుంది. పోతుంది, నిజమే. కానీ ఎప్పుడు పోతుంది? ట్రే ఆగినప్పుడు. ట్రే ఆగకుండా చూసుకునే షెడ్డులో ఇంటర్‌లాక్ ప్రెస్సును ఆపనే ఆపదు. ఇంటర్‌లాక్ పెట్టిన షెడ్లలో నేను గమనించిన పెద్ద మార్పు ఏమిటంటే, ఫిల్టర్ డ్రెయిన్ తిప్పడం హఠాత్తుగా అందరికీ ముఖ్యమైన పని అయిపోతుంది. ప్రెస్సు ఆగితే డిస్పాచ్ వాళ్లు ఫోన్ చేస్తారు, ఓనరే లేచి వస్తాడు. ట్రే మాత్రమే ఆగితే ఎవరూ రారు, ఆపరేటర్ చెయ్యి వస్తుంది. ఆగిపోయిన ట్రే ఖర్చును ఇన్నాళ్లూ ఆ చెయ్యి భరిస్తోంది. ఆ ఖర్చు ఓనరు ఖాతాలోకి రావాలి, అప్పుడే బాగు చేస్తారు. చేదుగా ఉన్నా నేను నమ్మేది ఇది.

అదే వైరింగ్‌తో ఖర్చులో కొంత తిరిగి కూడా వస్తుంది. ప్రెస్సు ఆగినప్పుడు ట్రే గాలి కట్ అయ్యేలా ఒక సాలినాయిడ్ వాల్వ్ పెట్టండి. డై మార్చేటప్పుడు, భోజనం వేళ, రేకు కాయిల్ ఎక్కించేటప్పుడు ట్రేలు ఖాళీగా ఊగుతుంటాయి, ప్రతి 5 సీఎఫ్‌ఎంకు దాదాపు ఒక కిలోవాట్ అలా గాల్లో కలుస్తుంది. లీకులు సరేసరి. 7 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి 3 నుంచి 4 కిలోవాట్ల కరెంటు తాగుతుంది, కంప్రెసర్ రాత్రీపగలూ ఆన్‌లో ఉండే చోట రోజుకు 70 యూనిట్ల పైమాటే. ఆదివారం మిషన్లన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటే నడిపి చూడండి. లోడ్‌లో (గాలి నింపుతూ) ఎంతసేపు, అన్‌లోడ్‌లో (నింపకుండా ఊరికే తిరుగుతూ) ఎంతసేపు ఉందో రాసుకుని, లోడ్ సమయాన్ని మొత్తం సమయంతో భాగిస్తే ఎంత శాతం లీకవుతోందో వస్తుంది. 20, 30 శాతం రావడం మామూలే, 10 లోపు ఉంటే ఆ షెడ్డు బాగున్నట్టు. ఇంటర్‌లాక్ డబ్బులు ఆ లీకుల్లోంచే తీయొచ్చని ఓనర్లకు నేను లెక్క వేసి చూపిస్తుంటాను.

ఇంకో ప్రమాదం గురించి చాలామందికి తెలియదు. కరెంటు పోయినా ట్యాంకులో గాలి ఉంటుంది. మెయిన్ ఆపేశాం కదా అని ట్రే కింద చెయ్యి పెడితే, ఇరుక్కున్న ముక్క కదిలిన క్షణంలో ట్రే ఒక్కసారిగా లాగుతుంది. అందుకే ప్రతి ట్రేకి తాళం వేసే రకం వాల్వ్ ఉండాలి, మూయగానే దాని తర్వాత లైన్లో మిగిలిన గాలిని బయటికి వదిలేసేది. మామూలు బాల్ వాల్వ్ గాలిని లోపలే పట్టి ఉంచుతుంది, అది పనికిరాదు. కరెంటు తిరిగి వచ్చినప్పుడు కూడా ట్రే, ప్రెస్సు తమంతట తాము మొదలు కాకూడదు, రీసెట్ బటన్ నొక్కితేనే కదలాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ కదిలే ప్రమాదకర భాగాలకు కంచె ఉండాలని ఎప్పుడో చెప్పింది. కానీ రిజిస్టర్‌లో తక్కువ మందిని చూపించి చట్టం కిందికి రాకుండా తప్పించుకునే షెడ్లలోనే ఈ పాత ప్రెస్సులు ఎక్కువగా ఉన్నాయి. అక్కడికి ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఆగడం కంటే, ట్రే కొనేటప్పుడే పని సరిగ్గా చేయించుకోవడం సులువు. ఆర్డర్ కాగితంలో ఈ నాలుగు వేరే వేరే లైన్లుగా, విడివిడి ధరలతో రాయమని అడగండి: కదలికను చూసే సెన్సర్ ఇంటర్‌లాక్, గాలి వదిలే తాళం వాల్వ్, యూనిట్ పక్కన గేజీ, ఒక సీల్ కిట్. రోజూ షిఫ్టు మొదట్లో డ్రెయిన్ తిప్పి గేజీ చూసే మనిషి పేరు కూడా బిగించే రోజే తేల్చుకోండి, అతనికి ఆ పని జీతంలో భాగం చేయండి. ట్రే ధర ఎక్కువైందని బేరం చేస్తే ఈ లైన్లలో మొదట కొట్టేసేది సెన్సర్‌నే, ప్రతిసారీ చూస్తున్నాను. దాని బదులు ట్రే పొడవు అడుగు తగ్గించుకోండి, డబ్బాను దగ్గరికి జరుపుకోండి.